వీసా తారీఖు, మోకాలి తారీఖు

బిడ్డా,

నిన్న రాత్రి మీ బాపు ఫోన్ చేసిండు. ఆయన మాటలల్ల భయం ఎక్కువ, సంగతి తక్కువ. ఒక డాక్టరు తెగినవన్నీ ఒకేసారి బాగు చేద్దామన్నడట. ఇంకొకాయన ఇప్పుడు సగం, నాలుగైదు నెలలకు మిగిలిన సగం అన్నడట. పక్కింటోళ్లు ఆపరేషనే వద్దు, పసరు కట్టు కట్టిస్తే నెలరోజులల్ల లేచి నడుస్తడు అంటున్నరట. నువ్వేమో గల్ఫ్ వీసా వచ్చింది, మోకాలికి పట్టీ వేసుకొని అయినా విమానం ఎక్కుత అంటున్నవట. బండి మీదికెళ్లి పడి ఇంకా రెండు వారాలు కాలేదు, ఇంట్ల ఇన్ని మాటలు. ఆగమాగం కాకు. ఫోన్ల చెప్తే "సరే పెద్దబాపూ" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న. నిమ్మళంగ చదువు. మీ బాపుకు, అమ్మకు కూడ చదివి వినిపించు.

నేను డాక్టరును కాను. బోధన్ బడులల్ల పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన పీఈటీ సారును. కబడ్డీల, వాలీబాల్‌ల మోకాలు తిరిగి పడ్డ పిల్లలను ఎందరినో దవాఖానకు తోలుకపోయిన. వాళ్ల ఇండ్లల్ల కూసోని వాళ్ల అమ్మానాన్నలతోని మాట్లాడిన. వాళ్లు పెద్దగై పొలాలల్ల, దుకాణాలల్ల, దుబాయ్‌ల పని చేసుకుంట ఎట్ల నడుస్తున్నరో ఇప్పటికీ చూస్తనే ఉన్న. ఏ మోకాలు ఎందుకు నిలబడ్డది, ఏది ఎందుకు పాడైంది అని డాక్టర్లను అడిగి అడిగి తెలుసుకున్న. అట్ల తెలిసిన ముచ్చట నీకు చెప్పేది ఒక్కటే. నీ కాలి విషయంల కొన్ని పనులకు తొందర పడాలె, కొన్నింటికి అస్సలు తొందర పడొద్దు. ఏది ఏదో తెలువక తారుమారు చేసుకున్నోళ్లే ఎక్కువ నష్టపోయిండ్రు.

ముందు నీ మోకాలికి ఏమైందో తెలుసుకో. తుంటి కీలు గిన్నెల కూసున్నట్టు లోతుగ కూసుంటది. మోకాలికి ఆ వసతి లేదు. తొడ బొక్క, కింది బొక్క ఒకదాని మీద ఒకటి నిలబడ్డయి, అంతే. పందిరి గుంజను నాలుగు దిక్కుల తాళ్లతోని గుంజి కట్టినట్టు నాలుగు లిగమెంట్లు దాన్ని నిలబెడుతయి. నడుమ అడ్డం పడి ఏసీఎల్, పీసీఎల్ ఉంటయి. ఏసీఎల్ కింది బొక్కను ముందుకు జారనియ్యదు, పీసీఎల్ వెనక్కు జారనియ్యదు. లోపలి పక్క ఎంసీఎల్, బయటి పక్క ఎల్సీఎల్. బయటి పక్క వెనుక మూలకు ఇంకొన్ని గట్టి పోగులు ఉంటయి, కాలు బయటికి తిరిగిపోకుంట పట్టేది అవే. నీ ఎమ్మారై రిపోర్టుల ఏసీఎల్ పూర్తిగ తెగింది, పీసీఎల్ పూర్తిగ తెగింది, బయటి మూల కూడ తెగింది అని ఉన్నది. లోపలి పక్కది ఒక్కటే నిలిచింది.

ఇన్ని తెగినయంటే పడ్డ ఆ క్షణంల నీ మోకాలు కీలు తప్పి, మళ్ల దానంతట అదే జాగకు వచ్చి ఉంటది. అందుకే ఎక్స్‌రేల బొక్కలు మంచిగ కనబడ్డయి, "ఇరగలేదు, ఫికర్ లేదు" అనుకున్నరు. ఎక్స్‌రేల లిగమెంట్లు కనబడయి. రక్తం తొవ్వ కూడ కనబడదు. మోకాలి వెనుకనే పాదానికి రక్తం తీసుకపోయే పెద్ద నాళం ఉంటది. కీలు తప్పినప్పుడు అది చిరిగితే, ఆరు నుంచి ఎనిమిది గంటలల్ల రక్తం మళ్ల పారకపోతే కాలు తీసేయాల్సిన గతి పడుతది. నిన్ను చూసిన డాక్టరు మొదటి రాత్రి మడమ దగ్గర పట్టీ కట్టి బీపీ చూసి, చేతిల కూడ చూసి, రెండింటినీ పోల్చిండు చూడు, అది ఇందుకే. మడమ దగ్గరిది చేతి బీపీల పది పాళ్లకు తొమ్మిది పాళ్ల కంటే తక్కువ ఉంటే వెంటనే రక్తనాళాలకు స్కాన్ తీస్తరు. నీది మంచిగనే ఉన్నది. ఆ గండం గడిచింది. ఆ రాత్రే ఎవరన్న నూనె రాసి గట్టిగ మాలిష్ చేసి, గుంజి కట్టు కట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. పక్కింటోళ్లు మంచోళ్లే, ప్రేమతోనే చెప్తరు. కానీ పసరు కట్టు ఈ మోకాలికి కాదు. తెగి, దూరం జరిగిన లిగమెంటును ఏ పసరూ దగ్గరికి తేలేదు.

క్రికెట్ చూస్తవు గదా, రిషభ్ పంత్ సంగతి నీకు ఎరుకే. 2022 డిసెంబర్ 30 తెల్లారుజామున రూర్కీ దగ్గర ఆయన కారు బోల్తా పడ్డది. కుడి మోకాలు కీలు తప్పి, కాలు ఎటో తిరిగిపోయింది. నరాలు దెబ్బతిని ఉంటే కాలు తీసేయాల్సి రావొచ్చని, ఆ మాటకు భయమైందని ఆయనే తర్వాత చెప్పిండు. డెహ్రాడూన్ నుంచి ముంబైకి తరలించి, 2023 జనవరిల లిగమెంట్లు బాగు చేసిండ్రు. మళ్ల మైదానంల దిగింది 2024 మార్చి 23న. దగ్గర దగ్గర పదిహేను నెలలు. బోర్డు అండ, పెద్ద డాక్టర్లు, పొద్దు మాపు పక్కన ఉండే ఫిజియో ఉన్న మనిషికే అంత కాలం పట్టింది. "పంత్ లేచిండు, నేను లేస్త" అనుడు మంచిదే. ఆ పదిహేను నెలలను కూడ లెక్కల పెట్టుకొని అను.

ఇంకో మాట అడుగుత, నిజం చెప్పు. కాలి బొటనవేలు, పాదం పైకి లేపుతుంటే మంచిగ లేస్తున్నదా, బరువుగ ఉన్నదా? బయటి మూల తెగినోళ్లల్ల అక్కడనే పోయే నరం దెబ్బతినుడు ఉంటది. అట్లయితే పాదం వేలాడుతది. నాకు చెప్పకున్నా సరే, డాక్టరు నుంచి దాచకు. ఆపరేషన్‌కు ముందే అది రాసి పెట్టుకోవాలె. ఆపరేషన్ల ఆ నరాన్ని చూసి కాపాడుకుంట పోతరు.

ఇగ డాక్టర్ల సంగతి. ఇద్దరి మాట కలుస్తలేదని మీ బాపు బెంగ పెట్టుకున్నడు. కానీ మీరు సగమే విన్నరు. వాళ్లు దేని మీద ఒప్పుకున్నరో చూడండి. బయటి మూల సంగతి మూడు వారాల లోపల చూడాలె అని ఇద్దరూ అన్నరు. అసలు సంగతి అదే. తెగిన కొసలు ఇప్పుడైతే వేరువేరుగ కనబడుతయి. మూడు వారాలు దాటినంక అంతా అతుక్కొని మచ్చ పట్టి, ఏది లిగమెంటో, ఏది నరమో విడదీసుడు కష్టమైతది. ఎంసీఎల్ ఒక్కటే తెగితే చాలాసార్లు పట్టీతోనే మానుతది. పీసీఎల్ ఒక్కటే కొంచెం సాగితే అదీ సర్దుకుంటది. బయటి మూల మాత్రం పూర్తిగ తెగితే దానంతట అది మంచిగ మానే రకం కాదు. అందుకే దానికి తొందర.

వాళ్లకు తేడా ఉన్నది ఏసీఎల్ దగ్గర. ఒకేసారి అన్నీ చేస్తే ఒక్కటే మత్తు, ఒక్కటే కోలుకునే కాలం. అన్ని తాళ్లూ ఒకేసారి సరైన బిగువుకు వస్తయి. ఒకటి వదులుగ ఉంటే దాని భారం కూడ కొత్తగ కట్టినవాటి మీదనే పడుతది. ఇది మొదటాయన వాదం. రెండో ఆయనది కూడ తప్పు కాదు. వాచి, వేడిగ ఉన్న మోకాలు మీద గంటల తరబడి అన్నీ చేస్తే లోపల మచ్చ పట్టి మోకాలు బిగుసుకపోతది, వంగదు, పూర్తిగ చాపలేవు. ముందు బయటి మూల, పీసీఎల్ కట్టి, మోకాలు వంగుడు చాపుడు మంచిగైనంక ఏసీఎల్ చేస్తే ఆ ప్రమాదం తగ్గుతది. ప్రపంచంల పెద్ద పెద్ద సర్జన్లు కూడ ఇందుల రెండు తొవ్వలు పట్టి పోతున్నరు, ఇంకా తేల్చలేదు. కాబట్టి ఎవరు నిజం, ఎవరు అబద్ధం అని పంచాయితీ పెట్టకు. రెండు తొవ్వలల్ల ఏది అయినా సరే, ఆ తొవ్వల ఎక్కువ సార్లు నడిచిన చెయ్యి ఏదో చూసుకో.

అది ఎట్ల తెలుస్తది అంటవేమో. అడిగితే తెలుస్తది. మనోళ్లకు డాక్టరును అడుగుడంటే మొహమాటం. అడిగితే కోపం వస్తదేమో, ఆపరేషన్ల చూపిస్తడేమో అని భయం. ఆ భయం తీసేయ్. ఒక్క ఏసీఎల్ ఆపరేషన్ ఇప్పుడు జిల్లా కేంద్రాలల్ల కూడ రోజూ చేస్తున్నరు, మంచిగనే చేస్తున్నరు. మూడు లిగమెంట్లు తెగిన మోకాలు వేరే సంగతి. అది అందరికీ రోజూ రాదు. "సార్, ఇట్ల మూడు తెగినయి మీరు ఏడాదికి ఎన్ని చేస్తరు? బయటి మూలను కుట్టి వదిలేస్తరా, వేరే చోటి టెండన్ తీసి కొత్తగ కడుతరా?" అని వినయంగ అడుగు. ఈ రెండో ప్రశ్న ఎందుకంటే, అమెరికాల 2005ల అచ్చయిన ఒక పరిశోధనల ఊరికె కుట్టినవాటిల 37 శాతం మళ్ల వదులైనయి, కొత్తగ కట్టినవాటిల 9 శాతమే. ఆ తర్వాత వచ్చిన లెక్కలు కూడ ఇదే తీరుగ ఉన్నయి. ఆ టెండన్లు, అంటే కండను బొక్కకు కట్టే తాళ్లు, ఎక్కడికెళ్లి తీస్తరో కూడ అడుగు. మామూలుగ తొడ వెనుకవి తీస్తరు, లేదంటే మోకాలి చిప్ప కింది పట్టీ ముక్క, లేదంటే పిక్క బయటి పక్కది. మూడు లిగమెంట్లకు ఒక్క కాలి టెండన్లు చాలవు, మంచిగున్న కాలుకెళ్లి కూడ తీయాల్సి రావచ్చు. ఆ మాట ముందే తెలిసి ఉంటే, కళ్లు తెరిచినంక రెండో కాలికి కూడ కట్టు చూసి మీ అమ్మ బెదరదు.

లోపల మెనిస్కస్ కూడ కొంచెం చిరిగిందని రాసిండ్రు. మనోళ్లు గుజ్జు అంటరు గానీ అది వేరే, ఇది రెండు బొక్కల నడుమ మెత్తగ ఉండే వాషరు. ఒకప్పుడు చిరిగిన ముక్కను కోసి తీసేసేటోళ్లు. ఇప్పుడు కుట్టగలిగితే కుట్టాలె అంటున్నరు, ఎందుకంటే తీసేసిన మోకాలు ముందుగనే అరుగుతది. నీ వయసుకు కుట్టించుకునే తొవ్వే చూడమను.

మన ఊరి కబడ్డీ పిల్లలు నీకు రేపు ఒక ముచ్చట చెప్తరు. "ఫలానాయన ఏసీఎల్ తెగినా ఆపరేషన్ చేయించుకోలేదు, పదేండ్లుగ పొలం చేస్తున్నడు" అని. అది నిజమే. నాకు కూడ అసుంటోళ్లు ఎరుక. స్వీడన్‌ల 121 మంది పడుచోళ్ల మీద చేసిన పరిశోధన 2010ల అచ్చయింది. ఏసీఎల్ తెగినోళ్లల్ల సగం మందికి జల్ది ఆపరేషన్ చేసి కసరత్తు చేయించిండ్రు. మిగిలిన సగానికి ముందు కసరత్తే, అవసరం పడితేనే ఆపరేషన్ అన్నరు. రెండేండ్లకు చూస్తే రెండు గుంపుల మోకాళ్లు ఒక్క తీరుగనే ఉన్నయి. రెండో గుంపుల పదిమందిల ఆరుగురికి అప్పటిదాక ఏసీఎల్ ఆపరేషన్ అవసరమే పడలేదు. బ్రిటన్‌ల 316 మందిని చూసి 2022ల చెప్పింది ఇంకో రకం. ఏసీఎల్ తెగి చాలా రోజులై, మోకాలు జారుతనే ఉన్నోళ్లకు కసరత్తు కంటే ఆపరేషనే మేలు చేసింది. రెండూ నిజాలే, ఎవరి మోకాలికి ఏది అనేది చూసుకోవాలె. కానీ బిడ్డా, అవన్నీ ఒక్క ఏసీఎల్ తెగినోళ్ల లెక్కలు. మూడు తెగిన నీకు ఆ మనిషి ఉదాహరణ పనికిరాదు. నీ అసుంటి మోకాళ్లల్ల ఆపరేషన్ చేయించుకున్నోళ్లే, చేయించుకోనోళ్ల కంటే మంచిగ పనికి మళ్లుతున్నరు అని ఎక్కువ పరిశోధనలు చెప్తున్నయి. నాకు కూడ ఆ తొవ్వే సరైనదనిపిస్తున్నది.

ఇప్పుడు వీసా సంగతి. నీకు కోపం వచ్చినా చెప్పాల్సిందే.

నువ్వు ఎందుకు పోతనంటున్నవో నాకు మస్తు ఎరుక. మా బాపు, అంటే మీ తాత, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీల పని చేసిండు. 1937ల మొదలైన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని పేరు. సీజన్ వస్తే బోధన్ తొవ్వలల్ల ఎడ్లబండ్లు చెరుకుతోని బారు కట్టేటివి. ఆ గాలిల బెల్లం వాసన, ఇంట్ల నెల జీతం. అసుంటి ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతబడ్డది. చెరుకు వేసినోళ్లు వరికి మళ్లిండ్రు, జీతం మీద బతికినోళ్ల పిల్లలు గల్ఫ్‌కు మళ్లిండ్రు. నిజామాబాద్ జిల్లాల గల్ఫ్‌కు పోని ఇల్లు తక్కువ. ఏజెంటుకు కట్టిన పైసలు అప్పు తెచ్చినవి. నువ్వు ఆగితే ఆ వడ్డీ ఆగదు. ఇదంతా నాకు తెలుసు, తెలిసే చెప్తున్న.

అక్కడ నీకు దొరికేది కుర్చీల కూసునే కొలువు కాదు. నిచ్చెన ఎక్కాలె, బరువు మొయ్యాలె, ఇసుకల నడవాలె, క్యాంపుల పై మంచం మీదికి ఎక్కి పడుకోవాలె. బయటి మూల, పీసీఎల్ లేని మోకాలు అడుగు వేసినప్పుడల్లా బయటికి నెట్టుకుంటది. కొన్నేండ్లకు కాలు దొడ్డికాలై బయటికి వంగొచ్చు. అప్పుడు ఆపరేషన్ అంటే ముందు బొక్క కోసి కాలును సక్కగ చేయాలె, ఆ తర్వాతనే లిగమెంట్లు. ఒకటి కావాల్సింది రెండు ఆపరేషన్లు అయితయి, అవి కూడ ఇప్పటంత మంచిగ కావు. గుజ్జు అరిగి ముప్పై ఐదేండ్లకే మెట్లు ఎక్కలేని మోకాలు అయితే, ఆ అప్పు ఏ జీతంతోని కడుతవు? ఈ వీసా పోతే ఇంకో వీసా వస్తది. ఏడాది ఆలస్యమైతది, నిజమే, నష్టమే. ఆ నష్టాన్ని లెక్కగట్టొచ్చు, తీర్చొచ్చు. ఏజెంటుతోని మాట్లాడే పని నాది, నువ్వు మాట్లాడకు.

పోగొట్టుకున్న ఏడాదిని తిరిగి తెచ్చుకున్నోళ్లు మనోళ్లల్లనే ఉన్నరు. పుల్లెల గోపీచంద్‌కు 1994ల పుణెల ఆడుతుంటే మోకాలి లిగమెంటు తెగింది. అప్పుడు ఆయనకు ఇరవై ఏండ్లు, ఇప్పుడు నీ వయసే. ఒకటి కంటే ఎక్కువ ఆపరేషన్లు అయినయి. 1996ల జాతీయ చాంపియన్ అయిండు. 2001 మార్చిల ఆల్ ఇంగ్లండ్ గెలిచిండు, 1980ల ప్రకాశ్ పదుకొణె తర్వాత అది గెలిచిన భారతీయుడు ఆయనే. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌కు 2017ల భుజం కీలు జారి ఆపరేషన్ అయింది, దగ్గర దగ్గర ఏడాది రింగుకు దూరమైంది. 2022 మేల ఇస్తాంబుల్‌ల ప్రపంచ చాంపియన్, 2023ల ఢిల్లీల మళ్ల. నీకు పతకాలు రావాలని చెప్తలేను. మూడు తెగిన మోకాలుతోని మళ్ల పాత తీరుగ కబడ్డీ ఆడేటోళ్లు తక్కువ, ఆ ఆశ పెట్టి నిన్ను మోసం చేయను. కానీ నడుచుడు, బండి నడుపుడు, పొలం పని, నిచ్చెన ఎక్కే పని, ఇవి చాలామందికి తిరిగి వస్తయి. అందుల నువ్వు ఉండాలె.

దానికి నీ పక్కనుంచి కావాల్సింది ఏడాది కాలం. ఆపరేషన్ మూడు నాలుగు గంటల పని, అది డాక్టరుది. తర్వాతి ఏడాది నీది. మొదటి ఆరు వారాలు చాలావరకు కాలు మీద బరువు వెయ్యనియ్యరు. పొడుగు బ్రేస్, రెండు కర్రలు. పీసీఎల్ కట్టినోళ్లకు కింది బొక్క వెనక్కు వాలొద్దు, అందుకని బోర్ల పండుకోబెట్టి ఫిజియో తన చేతులతోని మోకాలు వంచుతడు. నీకు నువ్వుగ మడమను వెనక్కు గుంజొద్దు అంటడు. వినాలె. నేల మీద చాప వేసుకొని పడుకునుడు బంద్, మంచం కావాలె. మరుగుదొడ్డికి కుర్చీ కమోడ్ ఇప్పుడే కొనిపెట్టు, అది చిన్న సంగతే అనిపిస్తది గానీ మొదటి రోజే తెలుస్తది. గొంతుక్కూసునుడు, బాసింపట్టు వేసుకొని బంతిల కూసునుడు, నమాజుల మోకాళ్ల మీద కూసున్నట్టు కూసునుడు ఇవన్నీ డాక్టరు చెప్పేదాక లేవు. మనకు నేల మీద కూసునుడే అలవాటు గనుక ఆ మాట డాక్టరుకు ముందే చెప్పు. "సార్, నేను పొలం మనిషిని, కింద కూసోవాలె" అంటే ఎంత వంపు తెచ్చుకోవాలో ఆయన దానికి తగ్గట్టు చూస్తడు.

తొడ ముందు కండ నీకు ఇప్పటికే సన్నబడ్డది, టేపు పెట్టి కొలిచి చూడు. మోకాలును రేపు కాపాడేది ఆ కండనే. ఆపరేషన్‌కు ముందు ఉన్న ఈ కొద్ది రోజులల్లనే ఫిజియో దగ్గర కండ బిగించుడు నేర్చుకో. వాపు దించుకో, పాదం కిందికి మీదికి ఆడిస్తనే ఉండు. పిక్క గట్టిపడి నొప్పి లేచినా, ఊపిరి ఆడకపోయినా రాత్రి అని చూడకుంట 108కు ఫోన్ చేయ్, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గుట్కా, సిగరెట్ మానేయ్. మానేసిన అని నాకు చెప్పుడు కాదు, నిజంగ మానేయ్. పొగ తాగేటోళ్ల గాయం ఆలస్యంగ మానుతది, కొత్త లిగమెంటు పట్టుకునుడు కూడ ఆలస్యమే.

అసలు కష్టం నాలుగో నెలల వస్తది. నొప్పి పోతది, మంచిగ నడుస్తవు, బండి తీయాలనిపిస్తది, కబడ్డీ కోర్టు దగ్గర పిల్లలు "రా అన్నా" అంటరు. నేను చూసిన మోకాళ్లల్ల ఎక్కువ పాడైనయి అప్పుడే. నార్వేల ఏసీఎల్ ఆపరేషన్ అయిన ఆటగాళ్లను చూసి 2016ల ఒక లెక్క చెప్పిండ్రు. తొమ్మిది నెలల దాక ఆటకు తిరిగి పోవుడు ఒక్కో నెల ఆలస్యం చేసిన కొద్దీ మళ్ల దెబ్బ తగిలే ప్రమాదం సగానికి సగం తగ్గిందట. అది ఒక్క లిగమెంటు సంగతి. నీకు ఏడాది కంటే తక్కువ అనుకోకు. క్యాలెండరు ఒక్కటే చాలదు. మంచి కాలి బలంల పది పాళ్లకు తొమ్మిది పాళ్ల బలం రావాలె, ఒంటి కాలు మీద దుంకి చూపించాలె, అప్పుడే డాక్టరు ఊ అంటడు.

ఎక్కడ చేయించాలె అంటే నా మనసుల మాట ఇది. ఆపరేషన్ హైదరాబాద్‌ల, ఇట్ల మూడేసి తెగినవి రెగ్యులర్‌గ చేసే చోట. పంజాగుట్ట నిమ్స్ ఉన్నది, అది మొదలైందే నిజాం ఆర్థోపెడిక్ దవాఖానగ. మన పెద్దోళ్లు ఇప్పటికీ బొక్కల దవాఖాన అంటరు. దాని తర్వాతి ఏడాది ఫిజియోథెరపీ మాత్రం నిజామాబాద్‌లనే పెట్టుకుందం. హైదరాబాద్‌కు వారానికి మూడు సార్లు ఎవరు తిరుగుతరు? దూరమైతే నాలుగు వారాలకు మానేస్తరు, ఆపరేషన్ మంచిగైనా మోకాలు బిగుసుకపోతది. హైదరాబాద్ సర్జన్ రాసిచ్చిన వారాల వారీ కాగితం ఇక్కడి ఫిజియో చేతిల పెడితే చాలు. బోధన్ నుంచి పాతిక కిలోమీటర్లే, ఆర్టీసీ బస్సుల ముందు సీటు అడిగి నేనే తోలుకపోత.

పైసల సంగతి మీ బాపుతోని మాట్లాడిన. తెల్ల రేషన్ కార్డు ఉన్నది. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్‌ల పది లక్షలకు పెంచిండ్రు గానీ, హద్దు వేరు, నీ ఆపరేషన్ పేరు ఆ జాబితాల ఉండుడు వేరు. దవాఖానల ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర ఎమ్మారై రిపోర్టు చూపించి, ఏ ఆపరేషన్ ఏ పేరు మీద వస్తది, స్క్రూలు, బ్రేస్ అందులనే వస్తయా, బయట కొనాల్నా అని ముందే రాయించుకోవాలె. రెండు దఫాలు అయితే రెండోసారికి కూడ అడగాలె. ఫిజియోథెరపీ పైసలు చాలామంది లెక్కల వేయరు, మనం వేద్దం. పొలం కాగితం ఎక్కడా పెట్టొద్దని మీ బాపుకు గట్టిగ చెప్పిన.

సోమవారం పొద్దున ఆరు గంటల బస్సుకు పోతున్నం. ఎమ్మారై ఫిల్ములు ఒక్కటే కాదు, సీడీ కూడ పెట్టుకో, సర్జన్లు సీడీల చూసుకుంటరు. మొదటి రాత్రి ఎక్స్‌రే, మడమ దగ్గర బీపీ రాసిన చీటీ, వాడుతున్న గోలీలు, ఆధార్, కార్డు అన్నీ ఒక్క సంచిల వేయ్. పైన చెప్పిన ప్రశ్నలు నువ్వు అడగాలె, నేను పక్కన కూసుంట. కాలు మీద బరువు వేయకు, రెండు కర్రలతోనే రా. బస్టాండుకు నిన్ను ఎక్కించుకొని రానీకె ఆటో చెప్పిన.

ఆశీస్సులతో,
నీ పెద్దబాపు